పాత వీపీఎన్ కోడ్‌ను విప్పి సర్దడం: ఎక్కడ మొదలుపెట్టాలి, దేన్ని ముట్టుకోకూడదు?

ప్రశ్న: హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ వాసి, బెంగళూరు

అందరికీ నమస్కారం. నేను బెంగళూరులో ఒక చిన్న సంస్థలో నెట్‌వర్కింగ్ కోడ్ రాస్తూ, రాత్రిళ్ళూ సెలవు రోజుల్లోనూ ఒక ఓపెన్ సోర్స్ వీపీఎన్ ప్రాజెక్టుకు ఇద్దరు నిర్వాహకుల్లో ఒకడిగా పని చేస్తున్నాను. ప్రాజెక్టు పేరు చెప్పడం లేదు, చెప్పినా చాలామందికి తెలియదు. మొత్తం సి భాషలో ఉంది. మొదట రాసినాయన ఏనాడో వేరే పనిలో పడిపోయారు. ఆ తర్వాత చేయి వేసిన ప్రతివారూ తమకు కావలసినది ఎక్కడ ఇమిడితే అక్కడ ఇరికించి వెళ్ళారు.

నన్ను వేధిస్తున్నది నెట్‌వర్కు నుంచి వచ్చిన ప్యాకెట్‌ను అందుకునే ఒకే ఒక ఫంక్షన్. దాని పొడవు 1,400 వరుసలు. సాకెట్ నుంచి చదవడం, ఆ ప్యాకెట్ ఏ క్లయింట్‌దో పోల్చుకోవడం, పాత ప్యాకెట్‌ను ఎవరైనా మళ్ళీ పంపుతున్నారేమో చూడటం, డీక్రిప్ట్ చేయడం, లెక్కలు రాసుకోవడం, చివరకు టన్ ఇంటర్‌ఫేస్‌కు, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ఊహాత్మక నెట్‌వర్కు కార్డుకు, అందించడం, ఇవన్నీ అందులోనే జరుగుతాయి. మధ్యలో కంపైల్ చేసేటప్పుడు కోడ్ ముక్కలను చేర్చే లేదా వదిలేసే ఇఫ్‌డెఫ్ షరతులు 12, నాలుగు గోటూ లేబుళ్ళు, ఎవరు ఎప్పుడు మారుస్తారో తెలియని గ్లోబల్ వేరియబుళ్ళు ఉన్నాయి. కొత్తగా ఎవరైనా సాయం చేస్తామని వస్తే, ఈ ఫైల్ తెరిచిన మర్నాటి నుంచి కనిపించడం లేదు.

గత నెలలో ధైర్యం చేసి దీన్ని విడగొట్టాను. డీక్రిప్ట్ చేసే భాగాన్ని వేరే ఫైల్‌లోకి తీసుకువెళ్ళాను. ప్యాకెట్ వరుస సంఖ్యను డీక్రిప్ట్ చేసే ముందు ఒకసారి, చేసిన తర్వాత ఒకసారి, దాదాపు ఒకే కోడ్‌తో తనిఖీ చేస్తుండటం చూసి, ఆ రెండింటినీ కలిపి మొదట్లోనే ఒకే తనిఖీగా మార్చాను. రెండు బఫర్లను బైటు బైటుగా పోల్చడానికి ఎవరో చేత్తో రాసిన ఫంక్షన్‌ను తీసేసి, సి లైబ్రరీలో ఉండే మెమ్‌కంప్ పెట్టాను. మెమరీని విడుదల చేసే ముందు దాన్ని సున్నాలతో నింపుతున్న మెమ్‌సెట్ వరుసలను, కంపైలర్ ఎలాగూ తొలగిస్తోంది కాబట్టి, నేనే తొలగించాను. పనిలో పనిగా ఇండెంటేషన్ కూడా సరిచేశాను. ఇంట్లో రెండు యంత్రాల మధ్య టన్నెల్ పెట్టి పింగ్, వేగం కొలిచే ఐపెర్ఫ్ రెండూ నడిపి చూశాను, అంతా సవ్యంగానే ఉంది.

మొత్తం మార్పు 3,100 వరుసలు వచ్చింది. మూడు వారాలైంది. తోటి నిర్వాహకుడు దాన్ని ఇంతవరకు చదవలేదు, "తెరవాలంటేనే భయంగా ఉంది" అని ఒక్క వాక్యం మాత్రం రాశారు. ఆయనను తప్పుపట్టలేను. ఇలాంటి పనిని ఏ క్రమంలో చేయాలి? ఎంతెంత ముక్కలుగా పంపితే అవతలివారు నిజంగా చదువుతారు? అసలు ఇంత శ్రమ కంటే మొదటి నుంచి తిరగరాయడమే మేలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం: పాత సి మనిషి, జయనగర్

మీ తోటి నిర్వాహకుడు భయపడి మంచి పనే చేశారు. ఆ ప్యాచ్‌ను, అంటే మీ మార్పుల మూటను, దయచేసి అసలు కోడ్‌లో మెర్జ్ చేయకండి. కోడ్ చూడకుండానే ఇంత గట్టిగా చెప్పడానికి కారణం, మీరు స్వయంగా రాసిన మూడు వాక్యాలు.

మొదటిది వరుస సంఖ్య తనిఖీ. ఆ రెండు తనిఖీలు చూడటానికి కవలల్లా ఉన్నా, చేసే పనులు వేరు. ఐపీసెక్ అనే వీపీఎన్ పద్ధతికి సంబంధించిన ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 4303, 2005లో వచ్చినది, ఈ క్రమాన్ని స్పష్టంగా చెబుతుంది: ప్యాకెట్ రాగానే దాని సంఖ్య విండోలో, అంటే ప్రస్తుతం అంగీకరించే సంఖ్యల పరిధిలో, పడుతుందా, ఇదివరకే వచ్చిందా అని కేవలం చూడాలి, ఆ తర్వాత ప్యాకెట్ నిజమైనదో కాదో సరిచూడాలి, నిజమైనదని తేలాకే విండోను ముందుకు జరపాలి. మొదటి చూపు ఉన్నది పనికిరాని ప్యాకెట్ మీద డీక్రిప్షన్ ఖర్చు పెట్టకుండా ఉండటానికి. రెండోది అసలు గుర్తు పెట్టుకోవడం. మీరు రెండింటినీ కలిపి ముందుకు తెచ్చారంటే, ఎవరు పంపారో తెలియని ప్యాకెట్ మాట నమ్మి విండోను జరుపుతున్నారన్న మాట.

దీని ఫలితం ఊహించండి. వరుస సంఖ్య 32 బిట్లది అయితే గరిష్ఠం 4,294,967,295. దారిలో మీ ప్యాకెట్ ఒక్కటి చూడగలిగినవాడు, కీ ఏదీ తెలియకపోయినా, దాని హెడర్‌ను నకలు చేసి, సంఖ్య స్థానంలో 400 కోట్లు రాసి, వెనక చెత్త నింపి పంపితే చాలు. మీ విండో అక్కడికి గెంతుతుంది. ఆ తర్వాత అసలు క్లయింట్ పంపే 5,001వ ప్యాకెట్, 5,002వ ప్యాకెట్ అన్నీ "పాతవి" అయిపోయి చెత్తబుట్టలో పడతాయి. కొత్త కీలు మార్చుకునే వరకు ఆ టన్నెల్ చచ్చినట్టే. మీ పింగ్ పరీక్షలో, ఐపెర్ఫ్ పరీక్షలో ఇది ఎప్పటికీ బయటపడదు, ఎందుకంటే అక్కడ రెండు వైపులా ఉన్నది మీరే. వీపీఎన్ కోడ్‌కు పెట్టవలసిన మొదటి పరీక్ష ఇటువంటి దొంగ ప్యాకెట్‌దే: పెద్ద సంఖ్యతో ఒక నకిలీని పంపాలి, వెంటనే ఒక అసలు ప్యాకెట్‌ను పంపాలి, అసలుది లోపలికి రావాలి.

రెండోది మెమ్‌కంప్. అది తేడా కనిపించిన మొదటి బైటు దగ్గరే ఆగిపోవచ్చు. మీరు పోలుస్తున్నవి ఫైల్ పేర్లయితే ఇబ్బంది లేదు, కానీ ప్యాకెట్ చివరి ధ్రువీకరణ ట్యాగ్‌నైతే మాత్రం, ఎన్ని బైట్లు సరిపోయాయో పట్టిన సమయాన్ని బట్టి అవతలివాడికి తెలిసే వీలుంది. చేత్తో రాసిన ఆ వికారమైన ఫంక్షన్, పోలిక తప్పినా చివరి బైటు దాకా వెళ్ళి, అన్ని తేడాలనూ పోగు చేసి, అప్పుడు జవాబు చెబుతూ ఉండాలి, కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో ఒకసారి వెనక్కి వెళ్ళి చూడండి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే క్రిప్టో లైబ్రరీలోని క్రిప్టో_మెమ్‌కంప్ ఉన్నది సరిగ్గా ఇందుకే.

మూడోది మెమ్‌సెట్. కంపైలర్ దాన్ని తొలగిస్తోందన్న మీ పరిశీలన నిజమే, కానీ దాని నుంచి మీరు తీసిన ముగింపు తలకిందులైంది. ఆ వరుసలు కీలను మెమరీలో మిగలకుండా తుడవడానికి రాసినవి. కంపైలర్ తీసేస్తోందంటే ఇన్నాళ్ళూ ఒక బగ్ ఉన్నట్టు. లినక్స్‌లో వాడే సి లైబ్రరీ గ్లిబ్‌సీలో 2017 నుంచి, కంపైలర్ తొలగించని ఎక్స్‌ప్లిసిట్_బీజీరో ఉంది, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_క్లెన్స్ ఉంది. వాటితో మార్చి, ఆ ఒక్క మార్పునే వేరే ప్యాచ్‌గా పంపితే మీ ప్రాజెక్టుకు నిజంగా ఉపకారం చేసినవారవుతారు.

శుభ్రం చేయబోయి ఇల్లు గుల్ల చేసుకున్న కథ మన రంగంలోనే ఉంది. 2006లో డెబియన్ అనే లినక్స్ డిస్ట్రిబ్యూషన్ వారి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీలో, వాల్‌గ్రైండ్ అనే పరికరం విలువ నింపని మెమరీ గురించి ఫిర్యాదు చేస్తోందని, యాదృచ్ఛిక సంఖ్యల భాగంలో వరుసలు తొలగించారు. వాటితోపాటు యాదృచ్ఛికత మొత్తం పోయి, ఆచరణలో ప్రాసెస్ సంఖ్య ఒక్కటే మిగిలింది, అంటే 32,768 అవకాశాలు. 2008 మేలో బయటపడే వరకు, ఆ యంత్రాల మీద తయారైన ఎస్‌ఎస్‌హెచ్ కీలే కాక ఓపెన్‌వీపీఎన్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్ కీలు కూడా ఊహించదగినవిగానే ఉన్నాయి. ఆ ప్యాచ్ చాలా చిన్నది, చదివినవారికి సబబుగానే కనిపించింది.

కాబట్టి క్రమం గురించి నా అభిప్రాయం ఒకటే. కోడ్ అందంగా కనిపించడం కోసం విడగొట్టకండి, పరీక్షించగలగడం కోసం విడగొట్టండి. కొన్ని బైట్లు, ప్రస్తుత స్థితి లోపలికి ఇస్తే, "అంగీకరించు" లేదా "పారేయి" అన్న తీర్పు బయటికి వచ్చే ఒక ఫంక్షన్‌ను, సాకెట్‌తో గానీ గడియారంతో గానీ సంబంధం లేకుండా, ముందు బయటికి లాగండి. అది చేతికి వస్తే దాన్ని ఫజింగ్‌కు, అంటే యంత్రం తయారుచేసే వేల అడ్డదిడ్డమైన ఇన్‌పుట్‌లతో పరీక్షకు, పెట్టవచ్చు. 2017లో ఓపెన్‌వీపీఎన్ 2.4ను రెండు వేర్వేరు బృందాలు ఆడిట్ చేసిన తర్వాత కూడా, గిడో వ్రాంకెన్ ఫజింగ్‌తో ముఖ్యమైన లోపాలు నాలుగు బయటపెట్టారు, ఆ జూన్‌లో వచ్చిన 2.4.3 విడుదల వాటిని సరిదిద్దింది. ఆడిట్ చేసినవారు అసమర్థులని కాదు, మనిషి కళ్ళు వేల వరుసలు చదివేటప్పుడు నమ్మకం మీద నడుస్తాయి, యంత్రానికి ఆ నమ్మకం లేదు.

సమాధానం: ప్యాకేజీలు కట్టేవాడు, వేళచేరి, చెన్నై

పైన ఆయన చెప్పిన భద్రత సంగతులకు నేను కలపగలిగింది లేదు. నా గోడు వేరు. చెన్నైలో కూర్చొని మీవంటి ప్రాజెక్టులను డిస్ట్రిబ్యూషన్ ప్యాకేజీలుగా కట్టి, ఏళ్ళ తరబడి పాత వెర్షన్లను బతికించే పని నాది. మీరు మెయిన్ బ్రాంచ్‌లో ఫంక్షన్‌ను అటూ ఇటూ జరిపిన మర్నాడు ఒక భద్రతా లోపం బయటపడిందనుకోండి, మీ మూడు వరుసల సవరణ నా పాత బ్రాంచ్‌లో ఎక్కడా అతకదు. దాన్ని నేను చేత్తో తిరిగి రాయాలి, రాసేది రాత్రి పదకొండుకు, తెలియని కోడ్‌లో. డెబియన్ స్టేబుల్ విడుదలకు ఎల్‌టీఎస్ అనే అదనపు మద్దతు కాలంతో కలిపి ఐదేళ్ళ ఆయుష్షు ఉంటుంది, మీరు ఆరు నెలల్లో మరిచిపోయిన వెర్షన్‌ను నేను అన్నాళ్ళూ మోయాలి.

ఇండెంటేషన్‌ను "పనిలో పనిగా" సరిచేశానన్నారు, అసలు చిక్కంతా అక్కడే ఉంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? 3,100 వరుసల్లో నిజంగా మారినవి ఎన్నో ఖాళీల మధ్య ఎవరికీ కనిపించవు. ఓపెన్‌వీపీఎన్ వారు 2016 చివర్లో, 2.4 విడుదలకు కొద్ది రోజుల ముందు, కోడ్ రూపాన్ని మొత్తంగా ఒక పరికరంతో మార్చారు. ఆ సమయాన్ని ఎంచుకోవడం వల్ల కొత్త స్టేబుల్ బ్రాంచ్, మెయిన్ బ్రాంచ్ రెండూ ఒకే రూపంతో మొదలయ్యాయి, రెండింటి మధ్య సవరణలు మోయడం సులువైంది. మీరూ అలాగే చేయండి: విడుదల దగ్గరపడినప్పుడు, వేరే కమిట్‌గా, చేత్తో కాకుండా పరికరంతో, ఇంకే మార్పూ కలపకుండా. ఆ కమిట్ సంఖ్యను, ఏ వరుసను ఎవరు మార్చారో చూపే గిట్ బ్లేమ్ పట్టించుకోకుండా దాటవేసేలా ఒక ఫైల్‌లో రాసి పెట్టవచ్చు, గిట్ 2.23 నుంచి ఆ సౌకర్యం ఉంది.

ఇఫ్‌డెఫ్‌ల విషయం కూడా చెప్పాలి. 12 ఉన్నాయంటే, సూత్రప్రాయంగా మీరు 4,096 వేర్వేరు ప్రోగ్రాములను విడుదల చేస్తున్నారు, వాటిలో పరీక్షిస్తున్నది ఒక్కదాన్ని. ఏవి ఎవరూ వాడటం లేదో ముందు కనుక్కోండి. మాలాంటి ప్యాకేజీలవారిని అడిగితే ఏ ఆప్షన్లతో కడుతున్నామో చెబుతాం, చాలావరకు రెండు మూడు కలయికలే ఉంటాయి. లైబ్రరీల తేడా కోసం పెట్టినవాటిని మాత్రం తీయలేరు, ఒక చోటికి చేర్చగలరు. 2016 ఆగస్టులో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.0 తన స్ట్రక్చర్ల లోపలి భాగాలను దాచేసినప్పుడు ఎన్నో ప్రాజెక్టులు ఒక్కసారిగా కంపైల్ కాకుండా పోయాయి. ఓపెన్‌వీపీఎన్ పాత వెర్షన్లకు కావలసిన సర్దుబాట్లను ఒకే హెడర్ ఫైల్‌లో పెట్టి, మిగతా కోడ్ కొత్త పద్ధతిలోనే రాసుకుంది. పాత వెర్షన్‌కు మద్దతు ఆపిన రోజు ఆ ఫైల్‌లో వరుసలు చెరిపేస్తే సరిపోతుంది.

సమాధానం: మారతహళ్ళి కొత్త ఉద్యోగి

పెద్దలు క్షమించాలి, నాకొక సందేహం. ఇంత అవస్థ ఎందుకు పడాలి? లినక్స్ కెర్నల్‌లోని వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సుమారు 4,000 వరుసల్లోనే మొత్తం పని చేస్తోందంటారు. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ అంతటివాడు దాన్ని ఓపెన్‌వీపీఎన్, ఐపీసెక్‌లతో పోల్చి కళాఖండం అన్నారు కదా. ప్రశ్న అడిగినాయన తన ప్రాజెక్టును రస్ట్ అనే భాషలో కొత్తగా రాసుకుంటే సి భాషలో వచ్చే మెమరీ తప్పులు కూడా పోతాయి.

సమాధానం: పాత సి మనిషి, జయనగర్

మంచి ప్రశ్నే, కానీ ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోం కదా. వైర్‌గార్డ్ చిన్నగా ఉండటానికి కారణం అది కొత్తగా రాయడం మాత్రమే కాదు, ఎన్నో పనులను చేయనని మొదటే తేల్చి చెప్పడం. ఏ సైఫర్ (గుప్తీకరణ పద్ధతి) వాడాలో రెండు వైపులా బేరమాడుకోవడం అందులో లేదు, ఉన్నది చాచా20-పాలీ1305 ఒక్కటే. వాడుకరి పేరు, పాస్‌వర్డు, సర్టిఫికెట్లు, సర్వర్ నుంచి క్లయింట్‌కు సెట్టింగులు పంపడం, ఇవేవీ దాని పని కాదు. ఈ ప్రశ్న అడిగినవారి క్లయింట్లకు అవన్నీ కావాలి, కాబట్టి కొత్త ఇల్లు కట్టినా గదులు అన్నే ఉంటాయి. రస్ట్ మీద నాకు విరోధం లేదు. 2019లో క్లౌడ్‌ఫ్లేర్ విడుదల చేసిన బోరింగ్‌టన్ రస్ట్‌లో రాసిన వైర్‌గార్డే. కానీ నేను మొదట చెప్పిన విండో పొరపాటును రస్ట్ కంపైలర్ పట్టుకోలేదు, అది క్రమం తప్పిన ఆలోచన, మెమరీ తప్పు కాదు.

అంత చిన్న వైర్‌గార్డ్ కూడా కెర్నల్‌లోకి వెళ్ళడానికి పట్టిన కాలాన్ని గుర్తుంచుకోండి. 2016లో బయటికి వచ్చినది 2020 మార్చిలో కెర్నల్ 5.6తో గానీ చేరలేదు. దాన్ని రాసిన జేసన్ డోనెన్‌ఫెల్డ్ తనతోపాటు తెచ్చిన జింక్ అనే క్రిప్టో లైబ్రరీ దగ్గర చర్చ ఏడాదికి పైగా ఆగింది. చివరకు 2019లో, కెర్నల్‌లో ఉన్న క్రిప్టో పద్ధతికే దాన్ని సర్దడానికి ఆయన ఒప్పుకున్నారు. ఎంత మంచి కోడ్ అయినా ఒక్కసారిగా పెద్ద మూటగా తెస్తే గుమ్మంలో ఆపేస్తారు.

తిరగరాయడమే తప్పనిసరి అయితే ఐపీసెక్ సాఫ్ట్‌వేర్ స్ట్రాంగ్‌స్వాన్ వారి దారి చూడండి. వారి 4వ సిరీస్‌లో కీలు మార్చుకునే పాత పద్ధతి ఐకేఈవీ1 పనిని ప్లూటో అనే డీమన్ (నేపథ్యంలో నడిచే ప్రోగ్రాము), కొత్త ఐకేఈవీ2 పనిని చారన్ అనే డీమన్ పక్కపక్కనే చేసేవి. 2012లో 5.0 వచ్చినప్పుడు ఐకేఈవీ1ను కూడా చారన్‌లోనే రాసి, అప్పుడు ప్లూటోను పంపించేశారు. కొత్తది పాతదాని బరువు మోయగలదని తేలేదాకా పాతదాన్ని కదపలేదు.

ప్రశ్న అడిగినవారి నుంచి: హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ వాసి, బెంగళూరు

అందరికీ కృతజ్ఞతలు. పాత సి మనిషి గారు చెప్పిన దొంగ ప్యాకెట్ పరీక్షను నిన్న రాత్రి పైథాన్‌లో నలభై వరుసల్లో రాశాను. పాత కోడ్ మీద నడిపితే అసలు ప్యాకెట్ లోపలికి వచ్చింది. నా కొత్త కోడ్ మీద నడిపితే టన్నెల్ అక్కడికక్కడే నిలిచిపోయింది, గంట తర్వాత కీలు మారే దాకా కదలలేదు. అరగంట సేపు తెర వంక చూస్తూ కూర్చున్నాను. చేత్తో రాసిన పోలిక ఫంక్షన్ సంగతి కూడా మీరన్నట్టే ఉంది. దాన్ని చేర్చిన 2011 నాటి కమిట్ సందేశంలో "సమయం బయటపడకుండా" అని రాసి ఉంది, నేనే చూడలేదు. కోడ్‌లో ఆ మాట పక్కన ఒక వ్యాఖ్యగా ఉండి ఉంటే బాగుండేది, ఇప్పుడు పెడతాను.

ఆ పెద్ద ప్యాచ్‌ను వెనక్కి తీసుకున్నాను. మొదట పంపబోయేవి పరీక్షలు మాత్రమే, కోడ్‌లో ఒక్క వరుస కూడా మారదు. తర్వాత మెమ్‌సెట్ మార్పు, అది పాత బ్రాంచ్‌లకు కూడా వెళ్తుంది. ఆ పైన తీర్పు చెప్పే ఫంక్షన్‌ను బయటికి లాగడం. ఇండెంటేషన్‌కు వచ్చే విడుదల దాకా సెలవు.

ఒక్క విషయం మిగిలింది. అదే ఫంక్షన్‌లో ప్యాకెట్ గరిష్ఠ పరిమాణాన్ని లెక్కించేటప్పుడు 28, 48, 1492 వంటి అంకెలు అక్కడక్కడా చల్లినట్టు ఉన్నాయి. ఒక చోట 41 కూడా ఉంది, అది ఎక్కడిదో తోటి నిర్వాహకుడికీ తెలియదు. వీటిని పేర్లున్న స్థిరాంకాలుగా మార్చవచ్చా, లేక వీటినీ ముట్టుకోకూడదా?

సమాధానం: పాత సి మనిషి, జయనగర్

తప్పకుండా మార్చండి, రిఫాక్టరింగ్‌లో, అంటే పని మారకుండా కోడ్‌ను సర్దడంలో, మొదటి రోజే ఫలితమిచ్చే పని ఇదే. 28 అంటే ఐపీవీ4 హెడర్ 20, యూడీపీ హెడర్ 8. 48 అంటే ఐపీవీ6 హెడర్ 40, యూడీపీ 8. 1492 అంటే ఈథర్‌నెట్ 1500లోంచి, కొన్ని బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు వాడే పీపీపీఓఈకి 8 పోగా మిగిలినది. వైర్‌గార్డ్‌లో మామూలుగా కనిపించే 1420 కూడా ఇటువంటి కూడికే: 40కి 8, దానికి తన సొంత 32 కలిపితే 80, 1500లోంచి అది తీసేయాలి. స్థిరాంకానికి 48 అని నేరుగా రాయకుండా 40 + 8 అని కూడికను కూడికగానే రాస్తే, తర్వాత వచ్చేవారు దాన్ని పజిల్‌లా విప్పుకోనక్కర్లేదు. విలువలు మారకూడదు, పేర్లే మారాలి. మారలేదని రుజువుగా, ముందూ తర్వాతా కంపైల్ అయిన ఆబ్జెక్ట్ ఫైళ్ళను పోల్చి, ఒకేలా ఉన్నాయని ప్యాచ్ సందేశంలో రాయండి. అది చదివిన రివ్యూయర్‌కు సగం భారం తగ్గుతుంది.

41ని మాత్రం పేరు పెట్టకుండా అలాగే ఉంచి, గిట్ బ్లేమ్‌లో ఎక్కడ మొదలైందో చూడండి. 28కి మీ సొంత హెడర్ 13 బైట్లు కలిస్తే 41 అవుతుంది. మీ పాత ప్యాకెట్ నమూనాలో హెడర్ అంతే ఉండేదేమో చూసుకోండి. అదే నిజమైతే, హెడర్ మారాక ఈ అంకెను ఎవరూ మార్చలేదన్న మాట, అప్పుడది రిఫాక్టరింగ్ కాదు, బగ్ సవరణ, వేరే ప్యాచ్. మొబైల్ హాట్‌స్పాట్ మీద ఒకసారి, ఇంటి ఫైబర్ మీద ఒకసారి పెద్ద ప్యాకెట్లతో పింగ్ చేసి, ఏ పరిమాణం దగ్గర ఆగిపోతోందో రాసి పెట్టుకోండి.

పరీక్షల ప్యాచ్ సిద్ధమయ్యాక లంకె ఇక్కడ పెట్టండి, ఈ ఆదివారం ఉదయం చదువుతాను. మూడు నాలుగు వందల వరుసలు దాటకుండా చూడండి, అంతకు మించితే నేనూ మీ తోటి నిర్వాహకుడిలాగే తెరవను.